టెక్ సందేహాలు: కోపంలో వెతికిన నంబరు

ప్రశ్న: ఆన్‌లైన్‌లో రూ.2,400 పెట్టి మిక్సీ తెప్పించుకున్నాను. జార్ పగిలి వచ్చింది. కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికి ఫోన్ చేశాను. డబ్బు వెనక్కి ఇస్తామని చెప్పి నా ఫోనులో ఒక యాప్ వేయించారు. పది నిమిషాల్లో ఖాతాలోంచి రూ.18,500 పోయింది. మిక్సీ కంపెనీ మీద వినియోగదారుల ఫోరంలో కేసు వేయమని మా ఇంట్లోవాళ్లు అంటున్నారు. వేస్తే డబ్బు వస్తుందా?
- ఎమ్మిగనూరు పాఠకురాలు

జవాబు: మిక్సీ డబ్బు రావచ్చు. రూ.18,500 మాత్రం ఆ దారిలో రాదు. మీవాళ్లు రెండు గొడవల్ని ఒకే మూటలో కట్టారు. పగిలిన జార్‌కు అమ్మినవాళ్లు జవాబుదారీ. ఫోనులో మాట్లాడినవాడికి, ఆ కంపెనీకి ఏ సంబంధమూ లేదు. కోపంతో నంబరు వెతుక్కునేవాళ్లకు కనబడేలా తన నంబరు పెట్టుకుని కూర్చున్న దొంగ వాడు.

దొంగతనానికి నంబరు 1930, సైబర్ మోసాల హెల్ప్‌లైన్. నిజానికి నాకు ఉత్తరం రాయడానికి ముందే చేయాల్సిన ఫోన్ అది. ఇంకా చేయకపోతే చదవడం ఆపి ఇప్పుడే చేయండి. 12 అంకెల యూపీఐ లావాదేవీ సంఖ్య, డబ్బు పోయిన సమయం దగ్గర పెట్టుకోండి. ఆ వివరాలు వెంటనే బ్యాంకులకు చేరతాయి. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉంటే అక్కడే ఆపేస్తారు. దొంగలు దాన్ని గంటల్లోనే ఖాతాల మీద ఖాతాలు మారుస్తారు కాబట్టే ఇంత తొందర. ఆ తర్వాత సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తి చేసి, మీ బ్యాంకుకూ రాసి ఇవ్వండి.

బ్యాంకు విషయంలో ఒక మెలిక ఉంది. తప్పు బ్యాంకుదీ మీదీ కాకుండా మూడోవాడిదైతే, మూడు పనిదినాల్లోపు చెప్పినవారికి నష్టం ఉండకూడదని 2017 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం. మీరే పిన్ చెప్పినా, ఓటీపీ ఇచ్చినా, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మీ లెక్కలోకి వస్తుంది. చెప్పిన తర్వాత పోతే బ్యాంకు భరించాలి. అందుకే ఆలస్యమైందని చెప్పడం మానకండి. వాళ్లు వేయించింది మీ ఫోను తెరను అక్కడినుంచి చూసే యాప్ అయి ఉంటుంది. మీరు నోరు విప్పకపోయినా ఓటీపీ వాళ్లకు కనబడుతుంది. నెట్ ఆపి దాన్ని తీసేయండి, ఆపైన పిన్ మార్చండి.

సిగ్గుపడకండి. పార్సెల్ రాలేదని వెతికి, మొదట కనబడిన నంబరుకు నేనూ ఒకసారి ఫోన్ చేశాను. చిరునామా సరిచేయడానికి ఐదు రూపాయలు కట్టమన్నారు. ఐదు రూపాయలే కదా అని లింకు తెరిచాను. కార్డు వెనకున్న మూడంకెలు అడిగినప్పుడు గానీ మెలకువ రాలేదు. ఇలాంటి సలహాలు రాసి బతికేవాణ్ణి!

ఇక మిక్సీ. కొన్న యాప్ లోపల ఉన్న సహాయ విభాగంలోనో, బిల్లు మీద ఉన్న నంబరుకో ఫిర్యాదు చేయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. లేదంటే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడవచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, మీ ఫిర్యాదును కంపెనీ ముందు పెడతారు. చిన్న గొడవలు చాలావరకు అక్కడే తెగుతాయని నా నమ్మకం.

ప్రశ్న: టీవీ కొని మూడు వారాలు. తెర మీద నిలువు గీత పడింది. దుకాణదారు బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న ముద్ర చూపిస్తున్నాడు. కంపెనీ ఆఫీసు గురుగ్రామ్‌లో ఉంది. కేసుకు అంత దూరం వెళ్లాలా?
- ప్రొద్దుటూరు పాఠకుడు

జవాబు: కడప దాటనక్కర్లేదు. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే (ఫోరం అని పిలిచేది దీన్నే) కేసు వేయవచ్చు. కొన్న ధర రూ.5 లక్షల లోపైతే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు.

ఆ ముద్రకు భయపడకండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకోకపోవడం అదే చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి. రంగు నచ్చలేదంటే ఇది వర్తించదు. మీకు ఇంకా వారమే ఉంది కాబట్టి గీత కనబడేలా వీడియో తీసి, దుకాణానికీ కంపెనీకీ కలిపి స్పీడ్ పోస్టులో లేఖ పంపండి. వినకపోతే కేసులో ఇద్దరినీ చేర్చండి. మీ దగ్గర బిల్లు ఉండటం అదృష్టం. తెలిసినవాడే కదా అని, నాలుగు వందలు తగ్గుతుందని బిల్లు వద్దనేవాళ్లు నాకు వారానికొకరు రాస్తారు.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో పీఎం కిసాన్ పేరుతో ఏపీకే ఫైలు (నొక్కితే ఫోనులో యాప్ వేసేది) వచ్చింది. పంపింది మా పక్క పొలం రైతే కాబట్టి నమ్మి వేసుకున్నాను. ఇప్పుడు నా ఫోను నుంచి అందరికీ అదే ఫైలు పోతోందట.
- ఉరవకొండ పాఠకుడు

జవాబు: ఆయన పంపలేదు, ఆయన ఫోను పంపింది. ఇప్పుడు మీది పంపుతోంది. ఏటా మూడు విడతల్లో వచ్చే రూ.6,000 నేరుగా ఖాతాలో పడుతుంది, దానికి ఏ ఫైలూ వేసుకోనక్కర్లేదు. ఇలాంటి యాప్ మీ సందేశాల్లోని ఓటీపీలను చదువుతుంది. ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఇంకొకరి ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా నుంచి డబ్బు కదలకుండా ఆపించండి. ఫొటోలు కంప్యూటర్‌లోకి తీసుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, అంటే అంతా తుడిచేసి కొన్నప్పటిలా చేయండి. గ్రూపులో ఇంకొకరి చేత చెప్పించండి, మీ ఫోను మాట ఇప్పుడెవరూ నమ్మరు.

ప్రశ్న: పాత కూలరు అమ్మకానికి పెట్టాను. కొనేవాడు క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే నాకు డబ్బు పడుతుందంటున్నాడు.
- అనంతపురం పాఠకుడు

జవాబు: డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పంపడానికే కావాలి. వాడి నంబరు బ్లాక్ చేయండి. కూలరు మార్చి దాకా ఉంచుకోండి, అనంతపురం ఎండల్లో మంచి ధర పలుకుతుంది.