కండలేరు కాలువ మీద చేరబోయే ఇంజనీరుకు

చిరంజీవి రవిని ఆశీర్వదించి మేనమామ వ్రాయునది.

కండలేరు జలాశయం నుంచి మద్రాసు దగ్గరి పూండి జలాశయానికి నీళ్లు తీసుకెళ్లే కండలేరు–పూండి కాలువ మీద నీకు పోస్టింగు వచ్చిందని అక్కయ్య చెప్పింది. నా ఉద్యోగంలో చాలా భాగం ఆ కట్ట మీదే గడిచింది కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా మద్రాసు తాగునీటి కోసం కుదిరిన 1983 నాటి ఒప్పందం చదువు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ కృష్ణా వాటాల్లోంచి తలా 5 టీఎంసీలు ఇవ్వాలి. దారిలో ఆవిరికీ ఇంకుడుకీ 3 పోగా మద్రాసుకు సరిహద్దు దగ్గర 12 టీఎంసీలు, జూలై–అక్టోబరు మధ్య 8, జనవరి–ఏప్రిల్ మధ్య 4 అందాలి. లెక్క ఇంత స్పష్టంగా ఉన్నా మొదటి నీళ్లు పూండికి చేరేసరికి 1996 వచ్చింది, ఆ తర్వాత కూడా 12 టీఎంసీలూ అందిన ఏడాది అరుదు. ఆ నీళ్లు శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలో బయలుదేరి వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల జలాశయాలు దాటి కండలేరు చేరాలి, అంటే కరవు సీమ పొలాల మధ్యనుంచే నడవాలి. శ్రీశైలంలో మట్టం 854 అడుగుల కిందికి జారితే ఆ కాలువలోకి వచ్చేదే కొద్దిపాటి నీరు. అందులో ఎవరి వంతు ముందన్న ప్రశ్న మన కార్యాలయంలో కాదు, రాజధానుల్లో తేలుతుంది. తిట్లు మాత్రం కట్ట మీద ఉన్నవాడికే.

కాబట్టి నీళ్లు వదిలే ముందు రాపూరు నుంచి సత్యవేడు దాకా కట్ట వెంట ఉన్న ఊళ్లకు నువ్వే వెళ్లు. ఎన్నాళ్లు పారుతుందో, ఎన్ని క్యూసెక్కులో, వాళ్ల చెరువులకు ఏమైనా వస్తుందో రాదో ముందే చెప్పు. రానిదాన్ని వస్తుందని చెప్పకు. చెరువు ఎండిన ఊరి పక్కనుంచి నిండు కాలువ పోతుంటే రాత్రిపూట కట్ట మీదికి నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు ఎక్కడం సహజం. పోలీసులను వెంటబెట్టుకుని పోతే ఆ ఒక్క రాత్రికి ఇంజన్లు దిగుతాయి, మర్నాడు ఇంకో మలుపులో ఎక్కుతాయి. ఊరి పెద్దల పేర్లు, గండి పడే చోట్లు కాలువ కాపలా చూసే లస్కర్లకే బాగా తెలుసు, వాళ్ల మాట విను. స్థానిక శాసనసభ్యుడికి కబురు నీ నోటి నుంచే ముందు చేరాలి. పత్రికలో చదివి తెలుసుకున్న నాయకుడు తూము దగ్గరికి జనంతో వస్తాడు.

152వ కిలోమీటరు దగ్గర, ఊత్తుకోట సమీపంలో, కాలువ తమిళనాడు సరిహద్దు దాటే జీరో పాయింట్ ఉంది. అక్కడ నీటి కొలత చూపే గేజి రీడింగును తమిళనాడు ఇంజనీర్లతో కలిసి తీసి, రిజిస్టరులో ఇద్దరూ అప్పటికప్పుడే సంతకాలు చేయండి. కండలేరులో వదిలిన నీటికీ అక్కడ చేరిన నీటికీ తేడా ఎక్కువైతే దొంగతనమని వాళ్లంటారు, ఇంకుడని మనమంటాం; రోజువారీ అంకెలుంటేనే ఆ వాదం తెగుతుంది. నిర్వహణ ఖర్చులో వాళ్ల వాటా బకాయిల మాట వచ్చినా అదే రిజిస్టరు అడుగుతారు.

ఒక సంగతి గమనించు. మద్రాసు చెరువులను నింపేది ఈశాన్య రుతుపవనం, కృష్ణకు వరద తెచ్చేది నైరుతి. 2019 వేసవిలో ఆ చెరువులు ఎండిపోయి జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తెచ్చుకున్నారు. ఆగస్టులో కృష్ణకు వరద వచ్చాక సెప్టెంబరు చివర్లో మన గేట్లు ఎత్తారు. అందుకే ఏప్రిల్లో వాళ్లు ఫోన్ చేస్తే ఆశ పెట్టకు, కండలేరు మట్టం చెప్పు. ఆగస్టులో మాత్రం వాళ్లు అడిగేదాకా ఆగకుండా నువ్వే కబురు చెయ్యి.

ఆశీస్సులతో,
మామయ్య