చెల్లి వాటా చెల్లిదే, వేలిముద్ర వేయించకండి

ప్రశ్న: మాది తెనాలి. టీచరుగా రిటైరైన నాన్నగారు వీలునామా రాయకుండానే పోయారు. ఆయన కొన్న ఇల్లు, ఎకరంన్నర పొలం ఉన్నాయి. అమ్మకు 74 ఏళ్లు. మేం నలుగురం. చెల్లికి 38 ఏళ్లు, పుట్టుకతోనే మేధో వైకల్యం. "చెల్లిని నేను చూసుకుంటా, దాని వాటా నాకు విడుదల చేసినట్టు రాసి వేలిముద్ర వేయిద్దాం" అని ఊళ్లో ఉండే అన్నయ్య అంటున్నాడు. తమ్ముడు అమెరికాలో, నేను హైదరాబాద్‌లో ఉంటాం. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ వేలిముద్ర ఆపండి. తాను దేని మీద వేలు పెడుతోందో, దానివల్ల తనకేం పోతుందో తెలియని మనిషి ఇచ్చిన విడుదల పత్రం చెల్లదు. మీ నాన్నగారి స్వార్జితంలో అమ్మగారికి, మీ నలుగురికి తలా అయిదో వంతు. వైకల్యం ఉందని వారసత్వం పోదని హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ చెబుతోంది.

అలాగని మీ అన్నయ్యను దురాశపరుడిగా చూడకండి. రేపు రోజూ స్నానం చేయించేదీ, రాత్రి లేచి చూసేదీ ఆయన, వదినగారే. పెళ్లికాని చెల్లిని పోషించి తీరాలని అన్నదమ్ములపై మన చట్టం నేరుగా బాధ్యత పెట్టలేదు. ఆమెకు వాటా దక్కనప్పుడు మాత్రం, తండ్రి ఆస్తి తీసుకున్న వారసులు అందులోంచి పోషించాలి. కాబట్టి ఆయన కష్టానికి ఆధారం కావాలి. ఆ ఆధారం చెల్లి వాటా పొలంపై వచ్చే కౌలు. వాటా ఆమె పేరునే ఉంచి, రాబడి ఆమెకే ఖర్చుపెట్టొచ్చు.

దానికి దారి, మేధో వైకల్యం వంటివి ఉన్నవారికి గార్డియన్‌ను నియమించే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం. 18 దాటాక అమ్మానాన్నలు కూడా తమంతట తాము గార్డియన్లు కారు, ఈ సంగతి చాలామందికి తెలియదు. కలెక్టరు ఉండే లోకల్ లెవల్ కమిటీకి దరఖాస్తు చేయాలి. రక్తసంబంధీకులెవరైనా చేయొచ్చు. అన్నయ్యనే గార్డియన్‌గా కోరండి. నియామకం జరిగిన 6 నెలల్లో ఆయన చెల్లి ఆస్తి వివరాలు ఇవ్వాలి, ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన 3 నెలల్లో లెక్క చూపాలి. నిర్లక్ష్యం చేసినా, సొమ్ము వాడుకున్నా తొలగించమని మీరూ తమ్ముడూ అడగొచ్చు. ఆమె వాటా అమ్మాల్సి వస్తే కోర్టు అనుమతి లేకుండా అడుగు వేయకండి.

తమ్ముడు నెలకు ఎంత పంపుతాడు, మీరు ఏడాదిలో ఎన్నాళ్లు చెల్లిని మీ ఇంట్లో ఉంచుకుంటారు అన్నవి కాగితం మీద రాసి ముగ్గురూ సంతకం చేయండి. అన్నీ సమానంగా పంచాలని పట్టుబట్టొద్దు, కుదరదు.

అమ్మగారు ఉండగానే రెండు పనులు చేయించండి. ఆమె వాటాను చిన్నకూతురికి వీలునామాగా రాయొచ్చు. నాన్నగారి ఫ్యామిలీ పెన్షన్ అమ్మ తర్వాత వైకల్యమున్న కూతురికి జీవితాంతం వచ్చే వీలుంది. మెడికల్ బోర్డు సర్టిఫికెట్‌తో పెన్షన్ కాగితాల్లో ఆమె పేరు ఇప్పుడే చేర్పించండి.

దరఖాస్తుకు ముందు ఒక మాట చెల్లినీ అడగండి. నోటితో చెప్పలేకపోయినా, ఎవరి దగ్గర ఆమె కుదురుగా అన్నం తింటుందో మీ అమ్మగారికి తెలుసు.