అనుకోకుండా ఏడు ఫైటర్ చేపలు వచ్చాయి, ఉన్నది ఒక్క తొట్టే. సంక్రాంతి దాకా ఎలా కాపాడాలి?

ప్రశ్న: విజయవాడలో రంగుచేపల దుకాణం నడిపే మా బావమరిది షాపు ఖాళీ చేస్తూ ఏడు ఫైటర్ చేపల్ని నిన్న రాత్రి కవర్లలో తెచ్చి మా ఇంట్లో పెట్టి వెళ్లాడు. అయిదు మగవి, రెండు ఆడవి. సంక్రాంతి వెళ్లాక తీసుకెళ్తానన్నాడు. మా దగ్గర 20 లీటర్ల గాజు తొట్టి, గాలి మోటారుతో నడిచే కొత్త స్పాంజి ఫిల్టరు, 100 వాట్ల హీటరు ఒక్కొక్కటే ఉన్నాయి. అన్నింటినీ తొట్టిలో వేయవచ్చా? ఏ నీళ్లు వాడాలి?
– ఒక రైతు, పెదకాకాని మండలం, గుంటూరు జిల్లా

జవాబు: వేయకండి. మగ ఫైటర్లు రెండు ఒకచోట చేరితే గంటల్లోనే రెక్కలు చీల్చుకుంటాయి. ఆడవి కాస్త నెమ్మది అనుకుంటారు గానీ 20 లీటర్లలో అవీ ఒకదాన్నొకటి తరిమి అలసిపోయేలా చేస్తాయి. మగదాని పక్కన ఆడదాన్ని వదిలినా అంతే. ఏడు చేపలకు ఏడు విడి పాత్రలు కావాల్సిందే. ఇది పెద్ద ఖర్చు పనేమీ కాదు.

చేపలు ఇంకా కవర్లలోనే ఉంటే ముందు వాటి సంగతి చూడండి. మూసిన కవరులో చేప వదిలిన కార్బన్ డయాక్సైడు వల్ల నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) తగ్గి, అక్కడ పోగైన అమ్మోనియా అంతగా హాని చేయని రూపంలో ఉంటుంది. మూతి విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. అందుకే కవరు విప్పి, చుక్క చుక్కగా గంటసేపు కొత్త నీళ్లు కలపడం ఇక్కడ మేలు చేయదు. కట్టిన కవరును అలాగే 15–20 నిమిషాలు, కింద చెప్పినట్టు సిద్ధం చేసిన నీటిలో తేలనిచ్చి, వేడి సమానమయ్యాక విప్పి, ప్లాస్టిక్ గ్లాసుతో చేపను మాత్రమే తీసి వదలండి. కవరులోని నీళ్లు పారబోయండి.

ఇక మీ సామాను ఎక్కడ వాడాలన్నది. ఫైటర్ చేపకు మొప్పల పైన మడతలు పడిన లాబిరింత్ అనే అవయవం ఉంటుంది. దానితో నీటిపైకి వచ్చి నేరుగా గాలి పీలుస్తుంది. కాబట్టి గాలి మోటారు లేకపోయినా బతుకుతుంది. మోటారు జోరుగా తిరిగితే పొడవు రెక్కల మగవి ఆ ప్రవాహానికి ఎదురీదలేక అలసిపోతాయి కూడా. మీ చేపలకు ముప్పు గాలి అందకపోవడం వల్ల కాదు, సొంత విసర్జన నుంచి వచ్చే అమ్మోనియా వల్లా, డిసెంబరు చలి వల్లా. కొత్త స్పాంజిలో అమ్మోనియాను మార్చే బాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటికి చేపలు వెళ్లిపోతాయి. అంటే ఈ మూడు వారాలూ నీళ్లు మార్చే మీ చెయ్యే ఫిల్టరు. అందుకే తొట్టిని చేపలకు కాదు, నీళ్ల నిల్వకు వాడమని చెబుతున్నాను.

ఏడు 5 లీటర్ల నీళ్ల బాటిళ్లు తీసుకుని, అడుగు నుంచి 24 సెంటీమీటర్ల ఎత్తులో పై భాగం కోసేయండి. అంచు చేపకు గీసుకోకుండా గరుకు కాగితంతో రుద్దండి. నీళ్లు 18 సెంటీమీటర్ల వరకు పోయండి, మూడున్నర లీటర్ల పైన పడతాయి. మిగిలిన 6 సెంటీమీటర్ల ఖాళీ గాలి పీల్చడానికీ, పైకి ఎగిరి పడిపోకుండా ఉండటానికీ. 60 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి ప్లాస్టిక్ టబ్బులో ఈ బాటిళ్లను అంచు వెంబడి వలయంగా నిలబెడితే ఏడూ పడతాయి, మధ్యలో జానెడు పైన ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో హీటరు పెట్టండి. టబ్బులో నీటి మట్టం బాటిల్ నీటి కంటే ఒక వేలెడు తక్కువ ఉండాలి, ఎక్కువైతే బాటిళ్లు తేలి ఒరుగుతాయి. హీటరును 27 డిగ్రీలకు పెడితే ఒక్కదానితోనే ఏడింటికీ వెచ్చదనం అందుతుంది. బాటిళ్లలో నీళ్లు వేరువేరుగానే ఉంటాయి కనుక ఒక చేప జబ్బు నీళ్ల ద్వారా మరోదానికి అంటదు. బాటిళ్లలో వేడి టబ్బు కంటే ఒక డిగ్రీ తక్కువగా ఉన్నా పరవాలేదు. వాటికి 25–27 మధ్య బాగుంటుంది. థర్మామీటరు మాత్రం తప్పనిసరిగా బాటిల్‌లోనే ముంచి చూడండి.

హీటరు ప్లగ్గు తీశాక పావుగంట ఆగి గానీ టబ్బులో చేయి పెట్టకండి. నీటి మట్టం దాని గీత కంటే తగ్గితే గాజు పగులుతుంది. రాత్రిళ్లు కరెంటు పోతే టబ్బు చుట్టూ గోనె సంచి కట్టండి, పైన గుడ్డ కప్పి ఒక పక్క గాలికి వదలండి.

బాటిళ్ల మధ్య నీటికి నానని ప్లాస్టిక్ అట్టముక్కలు నిలబెట్టండి. ఎదురుగా మరో చేప కనిపిస్తే మగది రోజంతా మొప్పల రెక్కలు విప్పి బుసకొడుతూ ఉంటుంది, మేత ముట్టదు. పైన పల్చని తెరగుడ్డ కప్పి రబ్బరు బ్యాండు వేయండి. దోమల మందు పట్టించిన తెర అయితే వద్దు.

మీ ఇంట్లో పాత్రల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. మిర్చికి మందు కలిపిన బకెట్టు, మగ్గు, డ్రమ్ము ఎంత కడిగినా వీటి దగ్గరకు రానీయకండి. సింథటిక్ పైరెత్రాయిడ్లు అనే పురుగుమందుల జాడ ఉన్నా చేపలు తట్టుకోలేవు. చేనులో పిచికారీ చేసి వచ్చిన చేతుల్ని సబ్బుతో కడిగి, సబ్బు వాసన పోయేదాకా మళ్లీ నీళ్లతో కడిగాకే బాటిల్ ముట్టండి. ఆవకాయ పెట్టిన డబ్బాలు కూడా పనికిరావు. గోడలకు పట్టిన నూనె నీటిపై పొరగా తేలుతుంది, పైకి వచ్చి గాలి పీల్చే చేపకు అదే అడ్డం. రాగి, ఇత్తడి పాత్రలు అసలే వద్దు.

నీళ్ల సంగతి. కుళాయి నీళ్లు మంచివే, క్లోరిన్ తీసేయాలి. 10 గ్రాముల హైపో (క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్) స్ఫటికాలను 100 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి సీసాలో ఉంచుకోండి. 20 లీటర్ల తొట్టికి అందులోంచి ఒక మిల్లీలీటరు చాలు. హైపో దొరక్కపోతే తొట్టిని మూత లేకుండా 24 గంటలు ఉంచి, గాలి మోటారుతో స్పాంజి ఫిల్టరును నడుపుతూ ఉండండి. మోటారుకు అదే సరైన పని. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడు ఎక్కువ. అవీ రాత్రంతా గాలి ఆడించాకే వాడాలి. మినరల్ వాటర్ క్యాన్ నీళ్లలో లవణాలు బాగా తక్కువ కాబట్టి వాటి పీహెచ్ నిలవదు. ఉత్తగా అవే పోయవద్దు. ఏది మొదలుపెట్టినా ఆఖరు వరకు అదే వాడండి.

మొదటి మూడు రోజులు రోజూ సగం నీళ్లు, తరువాత రోజు విడిచి రోజు సగం మార్చండి. ఏడింటికీ కలిపి 13 లీటర్లు కావాలి, 20 లీటర్ల తొట్టి సరిపోతుంది. సన్నని ప్లాస్టిక్ గొట్టం, వాడని సెలైన్ గొట్టమైనా సరే, అడుగున పెట్టి మలం, మిగిలిన మేత ఉన్నచోటే నీళ్లు లాగండి. తొట్టిలోని నీళ్లు ఈ రోజుల్లో తెల్లవారేసరికి 22 డిగ్రీలకు చల్లబడవచ్చు. అలాగే పోస్తే చేప ఒక్కసారిగా ముడుచుకుంటుంది. పది లీటర్లకు ముప్పావు లీటరు మరిగే నీళ్లు కలిపితే 27 దగ్గరకు వస్తాయి. కలియబెట్టి, థర్మామీటరుతో చూసుకుని, గోడ వెంబడి నెమ్మదిగా పోయండి.

వీధుల్లో నీడనిచ్చే బాదం చెట్టు కింద రాలిన ఎండు ఆకులు ఏరి, కడిగి, ఒక్కో బాటిల్‌లో అరచేతిలో సగమంత ముక్క వేయండి. నీళ్లు పల్చని టీ రంగుకు తిరుగుతాయి, కంగారు పడకండి. చేప ఆ ఆకు కింద దాక్కుని కుదురుగా ఉంటుంది. రోడ్డు పక్కన దుమ్ము, పొగ పట్టినవి వద్దు. ఆకు మెత్తబడితే తీసేయండి.

వచ్చిన మొదటి రోజు మేత వేయకండి. తరువాత రోజుకు ఒకసారి రెండు, మూడు ఫైటర్ గుళికలు, వారంలో ఒక రోజు పస్తు. దాని కడుపు చాలా చిన్నది. అన్నం మెతుకులు, బ్రెడ్డు వేస్తే తినవు, కుళ్లి నీటిని పాడుచేస్తాయి. మురుగు కాలువ పురుగులు కూడా పనికిరావు.

పొద్దున్నే ఒక్కోదాన్ని టార్చి వేసి చూడండి. అప్పుడప్పుడూ పైకి వచ్చి గాలి మింగడం, నీటిపై నురుగు గూడు కట్టడం మామూలే. అదే పనిగా ఆయాసపడుతూ మొప్పలు ఎర్రబడితే అమ్మోనియా, వెంటనే సగం నీళ్లు మార్చాలి. రెక్కలు ముడుచుకుని అడుగున పడుకుంటే ముందు వేడి చూడండి. రెక్క అంచు నల్లబడి చిరుగుతుంటే లీటరుకు ఒక గ్రాము చొప్పున అయోడిన్ లేని కల్లుప్పును వేరే గ్లాసులో కరిగించి పోయండి. వారం, పది రోజులకు మించి వద్దు. సగం నీళ్లు మార్చినప్పుడు సగం ఉప్పే కలపాలి. ఒళ్లంతా ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వస్తే ఆ బాటిల్ గొట్టం, గ్లాసు వేరే పెట్టుకుని, దాన్ని చివరగా ముట్టండి. పొలుసులు నిక్కబొడుచుకుంటే సాధారణంగా కోలుకోదు, దాన్ని దూరంగా ఉంచండి.

మీ బావమరిది వచ్చేముందు రోజు మేత ఆపండి. కవరుకు ఒక్కటే చేప, మూడో వంతు నీళ్లు, మిగతాది మామూలు గాలి. సిలిండర్ ఆక్సిజన్ వీటికి అవసరం లేదు. ఆయన రాలేకపోతే, మీకు భారమైతే, తెలిసిన పెంపకందారుకు ఇవ్వండి. ఇవి థాయిలాండ్ ప్రాంతపు చేపలు. బందరు కాలువలోనో, ఏలూరు కాలువలోనో, మీ ఊరి చెరువులోనో వదలకండి.