న్యూరాన్లు చూడటానికి కాన్ఫోకల్ మైక్రోస్కోపు చాలదా, టూ-ఫోటాన్ మైక్రోస్కోపు తప్పదా?

కణజాలాన్ని ఫిక్స్ చేసి (అంటే రసాయనాలతో చెడిపోకుండా నిలబెట్టి), పల్చగా కోసి, రంగు పట్టించి చూసేవాళ్లకు కాన్ఫోకల్ బ్రహ్మాండంగా సరిపోతుంది. బతికున్న మెదడులో లోతుకు వెళ్లాలంటే మాత్రం టూ-ఫోటానే. ఇందులో చర్చకేమీ లేదు.

కాన్ఫోకల్‌లో 488 నానోమీటర్ల నీలి కాంతి పోయే దారంతా వెలిగిస్తూ పోతుంది. ఫోకస్ బయట పుట్టిన వెలుగును డిటెక్టర్ ముందుండే పిన్‌హోల్ అనే సన్న రంధ్రం అడ్డుకుంటుంది గానీ, అక్కడ కణాలకు జరిగే నష్టాన్ని ఆపలేదు. టూ-ఫోటాన్‌లో వాడేది 920 చుట్టుపక్కల పరారుణ కాంతి. రెండు ఫోటాన్లు (కాంతి రేణువులు) ఒకేసారి అందిన చోటే, అంటే ఫోకస్ దగ్గరే రంగు మెరుస్తుంది. భౌతిక శాస్త్రవేత్త మరియా గెప్పర్ట్ మేయర్ 1931లోనే లెక్క కట్టి చెప్పిన ఈ సంగతిని డెంక్, స్ట్రిక్లర్, వెబ్ అనే శాస్త్రవేత్తలు 1990లో మైక్రోస్కోపుకు ఎక్కించారు. రెండు ఫోటాన్లు ఒకేసారి అందాలంటే అతి తక్కువ సేపట్లో బోలెడు కాంతిని కుమ్మరించే లేజర్ కావాలి మరి.

ఇంతవరకూ అందరూ చెబుతారు. ఫోకస్ దగ్గర టూ-ఫోటాన్ కూడా కణాన్ని మాడ్చేస్తుందని మాత్రం ఎవరూ చెప్పరు. ఒకసారి మా ల్యాబ్‌లో పిపెట్‌తో రంగు నింపిన న్యూరాన్ ఒకటి అద్భుతంగా కుదిరింది. డెండ్రైటూ (న్యూరాన్ కొమ్మ), దాని మీద మొటిమల్లాంటి స్పైన్లూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. పక్కనున్న కుర్రాడు "ఫిగర్‌కి ఇంకొంచెం బ్రైట్‌గా ఉండాలండీ" అంటూ లేజర్ పవర్ పెంచేశాడు. రెండు మూడు స్కాన్లు నిజంగానే కన్నులపండువ. ఆ తర్వాత నున్నటి కొమ్మ అక్కడక్కడా ఉబ్బడం మొదలైంది. స్పైన్లు ఒక్కొక్కటే దాంట్లో కలిసిపోయాయి. చూస్తుండగానే కొమ్మంతా ఉండలు ఉండలుగా తయారైంది. పొద్దుట్నుంచీ పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

తప్పు ఆ కుర్రాడిది కాదంటాను. మెరిసిపోయే బొమ్మ లేకపోతే పేపర్ ముఖం కూడా చూడని రివ్యూయర్లది. ఇంకో జాతి కూడా ఉంది: ఉప్పునీళ్లలో ముంచిన ఆబ్జెక్టివ్‌ను తుడవకుండా వెళ్లిపోయేవాళ్లు. తర్వాత వచ్చినవాడు లెన్సు మీద ఎండిన ఉప్పు వదిలించుకుంటూ కూర్చోవాలి. మిణుకు వెలుగును కూడా పట్టే డిటెక్టర్ ఆన్‌లో ఉండగా తెర తీసి ఫోన్ వెలిగించేవాళ్ల గురించి రాయడం మొదలుపెడితే తెల్లారిపోతుంది.

కాబట్టి ఏ మిషన్ అన్నది తర్వాత చూసుకోండి. స్పైన్ ఆనవాలు పట్టగలిగేంత పవర్ చాలు. బొమ్మ గరుకుగా ఉంటే వరసగా తీసిన ఫ్రేములు సగటు తీయండి. సెమినార్లో ఎవరైనా ధగధగలాడే డెండ్రైట్ చూపిస్తే, పది నిమిషాల తర్వాత అదే కణం ఎలా ఉందో చూపించమని అడగండి.