అత్తగారు వింటుండగా అడిగిన ప్రశ్న

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు దగ్గర పల్లె. మొన్న యూనివర్సిటీ నుంచి ఒకమ్మాయి ఆడవాళ్ల ఆరోగ్యం మీద సర్వే అంటూ వచ్చింది. వసారాలో మా అత్తగారు వింటుండగానే "మీ ఆయన ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నాడా?" అని అడిగింది. ఉన్నది చెప్పేశాను. ఫోన్‌లో రికార్డు కూడా చేసింది. ఆ రాత్రి నుంచి ఇంట్లో గొడవే. నా పేరు బయటికొస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ తప్పేం లేదు. ముందు మీ క్షేమం చూసుకోండి. మళ్లీ చెయ్యి లేస్తుందని భయంగా ఉంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, ఏ వేళైనా పలుకుతారు.

చాలాకాలం సర్వేలు చేసినదాన్ని కాబట్టి గట్టిగా చెబుతున్నాను, ఆ ప్రశ్న అక్కడ అడగకూడదు. సూది గుచ్చలేదు, రక్తం తీయలేదు, వట్టి ప్రశ్నలేగా అనుకుంటారు చాలామంది. దెబ్బ తగిలేది సర్వేవాళ్లు వెళ్లిపోయాకే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ప్రశ్నలకు ఇంటికి ఒక్క మహిళనే ఎంచుకుంటారు, ఏకాంతం దొరక్కపోతే ఆ భాగం అడగనే అడగరు. మేమైతే గుమ్మంలో ఎవరి అడుగు వినిపించినా పేజీ తిప్పేసి, పిల్లల టీకాల సంగతి ఎత్తుకునేవాళ్లం.

ఇక పేరు సంగతి. పేరు రాయకపోయినా "ఇద్దరు కూతుళ్లున్న అంగన్‌వాడీ టీచర్" అని ఊరి పేరుతో సహా రాస్తే చాలు, ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. కాబట్టి అలాంటి ఆనవాళ్లు కూడా తీసేయమనండి.

భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలు ఆరోగ్యానికి సంబంధించిన సామాజిక పరిశోధనలకూ వర్తిస్తాయి. వాటి ప్రకారం ఒప్పుకున్న తర్వాత కూడా మీరు ఎప్పుడైనా తప్పుకోవచ్చు. ఆ అమ్మాయి ఇచ్చిన కాగితం మీద ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొన్నవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ) నంబరు ఉందేమో చూడండి. రికార్డింగ్ చెరిపేయమని, మీ జవాబులు వాడొద్దని అడగండి. రిపోర్టు అచ్చయ్యాక తీయించడం కష్టం, ఆలస్యం చేయకండి. కాగితమే ఇవ్వకపోతే యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు రాయండి. జవాబు మాత్రం మీ ఇంటి అడ్రసుకు రానివ్వకండి, మీరు నమ్మే స్నేహితురాలి నంబరు ఇవ్వండి.

ఫిర్యాదులో ఆ అమ్మాయి పేరుతో ఆపేయకండి, ఆమె పరిశోధనను నడిపించే గైడ్ పేరు కూడా రాయండి. శిక్షణ ఇవ్వకుండా ఊళ్లోకి పంపినవారే ముందు జవాబు చెప్పాలి.