మీ విలనీకి పిచ్చి కాదు, కారణం కావాలి

మీ కథలో మాంత్రికుడి కోసం సొంత చెల్లెల్ని చంపేసిన సేనాని పాఠకులకి ఉత్త పిచ్చిదానిలా ఎందుకు కనిపిస్తోందని అడిగారు కదండీ. మీరు పెట్టిన మూడు అధ్యాయాలూ చదివాను. మాంత్రికుడి మీద ఆమెకి అంత భక్తి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎక్కడా లేదు, అదే ఇబ్బంది.

మనది కోనసీమే కాబట్టి అంతర్వేది స్థలపురాణం గుర్తు తెచ్చుకోండి. రక్తవిలోచనుడనే రాక్షసుడి నెత్తురు ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుడతారని శివుడి వరం, అందుకే నరసింహస్వామి వాణ్ణి చంపేటప్పుడు మాయాశక్తి నాలుక చాపి ఒక్క చుక్క కూడా నేల తాకనివ్వలేదంటారు. ఏ శక్తికైనా ఓ షరతుందని తెలిస్తేనే మనకి భయం పుడుతుంది, మీ మంత్రాలకి అదే లేదు.

నేనైతే ఇలా రాస్తాను. చిన్నప్పుడు వరదొచ్చి ఊరంతా గట్టెక్కేసి ఆమెని ఏటి మధ్య లంకలో వదిలేస్తే, పడవేసుకుని వచ్చినవాడు ఆ మాంత్రికుడొక్కడే. ఇక అతని కోసం మంత్రం వేసిన ప్రతిసారీ ఆమెకి ఒక జ్ఞాపకం పోతుంది, ముందు ఇంటి అరుగు, తర్వాత అమ్మ గొంతు, చివరికి చెల్లెలి పేరు. పడవ మాత్రం పోదు. అప్పుడు ఆ హత్య సీను చదివితే చెయ్యి వణుకుతుంది.

అన్నట్టు ఆ వికటాట్టహాసాలు తీసేయండి బాబూ, పేజీకి రెండున్నాయి! మాంత్రికుడు ఆమె వైపు సరిగ్గా చూడను కూడా చూడని సీను ఒకటి రెండో అధ్యాయంలోనే పెట్టండి. మార్చాక మళ్లీ పెడితే చదువుతాను.