మాత్రలు మధ్యలో మానేస్తే హెచ్ఐవీ మందులు ఎందుకు పనిచేయకుండా పోతాయి?

మీ తమ్ముడు హెచ్ఐవీ మాత్రలను నాలుగైదు రోజులు మానేసి మళ్ళీ వేసుకుంటున్నాడని, అలా చేస్తే ఒంటికి మందు అలవాటైపోయి పనిచేయదని ఎవరో అన్నారని, అది నిజమేనా అని అడిగారు. మందు పనిచేయకుండా పోవచ్చన్న మాట నిజమే గానీ, అందుకు కారణం ఒళ్ళు అలవాటు పడటం కాదండి, వైరస్ మారిపోవడం. 2014 నుంచి ఈ మందులు వాడుతూ, మొదట ఇచ్చిన వాటిని చేజేతులా పోగొట్టుకున్నవాడిని కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

మన కణంలోకి చేరిన హెచ్ఐవీ తన ఆర్ఎన్ఏను డీఎన్ఏగా రాసుకుంటుంది. ఆ పని చేసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైముకు రాసినదాన్ని సరిచూసుకునే గుణం లేదు. మందు వాడని మనిషి ఒంట్లో రోజుకు వెయ్యి కోట్ల వరకు కొత్త వైరస్‌లు పుడతాయి కాబట్టి, వాటిలో ఏదో ఒకదానికి మందుకు లొంగని మార్పు తగులుతుంది. లామివుడిన్ అనే మందును తప్పించుకోవడానికి ఆ ఎంజైములో 184వ స్థానంలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు వాలీన్ అనేది చేరితే చాలు. ఎఫావిరెంజ్ అనే మరో మందుకైతే 103వ స్థానంలో ఒక్క మార్పు సరిపోతుంది. మూడు వేర్వేరు మందులను తప్పించుకునే మార్పులన్నీ ఒకే వైరస్‌లో కూడటం బహు అరుదు, అందుకే మూడింటినీ కలిపి ఇస్తారు.

నాకు రాత్రి పడుకునే ముందు ఒకటే మాత్ర ఉండేది; టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫావిరెంజ్ మూడూ అందులోనే. పండుగకో పెళ్ళికో అత్తవారింటికి వెళ్ళేటప్పుడు, డబ్బా ఎవరి కంటైనా పడుతుందన్న భయంతో దాన్ని ఇంట్లోనే వదిలి వెళ్ళేవాడిని. మూడింటినీ ఒకేసారి ఆపుతున్నాను గదా, ఏమవుతుందిలే అనుకున్నాను. అయితే అవి ఒకేసారి ఒంట్లోంచి పోవు. మిగిలిన రెండూ తగ్గిపోయాక కూడా ఎఫావిరెంజ్ వారానికి పైగా రక్తంలో కొద్దికొద్దిగా నిలుస్తుంది. అంటే నేను మానేసిన ప్రతిసారీ వైరస్ ముందు దాదాపు ఒకే మందును, అదీ చాలీచాలని మోతాదులో ఉంచినట్టయింది; అలాంటప్పుడు దానికి లొంగని వైరస్‌లే మిగిలి పెరుగుతాయి.

2018లో నా వైరల్ లోడ్, అంటే ఒక మిల్లీలీటరు రక్తంలో ఉండే వైరస్ లెక్క, వెయ్యి దాటింది. మూడు నెలలు క్రమం తప్పకుండా వాడినా దిగలేదు. అప్పుడు జిడోవుడిన్, లామివుడిన్, అటాజనవిర్, రిటోనవిర్‌లకు మార్చారు. పనిచేయని లామివుడిన్ మళ్ళీ ఎందుకని డాక్టరుగారిని అడిగితే, ఆ 184వ స్థానపు మార్పు వైరస్‌ను బలహీనపరుస్తుందని, జిడోవుడిన్‌కు మరింత లొంగేలా చేస్తుందని చెప్పారు. అటాజనవిర్‌తో నా కళ్ళు పచ్చబడ్డాయి. ఎవరికీ తెలియకూడదని మాత్రలు తీసుకెళ్ళని ఆ అత్తవారింట్లోనే అందరూ కామెర్లా అని అడిగారు.

లొంగని వైరస్ నిద్రాణ కణాల్లో ఏళ్ళ తరబడి దాగి ఉంటుంది కాబట్టి, కొంతకాలం ఆగి పాత మందులకు తిరిగి వెళ్దామన్నా కుదరదు. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్న డోలుటెగ్రవిర్ అనే మందును తప్పించుకోవడం వైరస్‌కు చాలా కష్టమే గానీ అసాధ్యం కాదు. ఐరన్, కాల్షియం మాత్రలు, కొన్ని గ్యాస్ మందులు దానితో కలిపి వేసుకుంటే అది ఒంటికి సరిగ్గా పట్టదు. క్షయకు రిఫాంపిసిన్ అనే మందు వాడుతుంటే డోలుటెగ్రవిర్ మోతాదు పెంచాలి. తను వాడే వేరే మందులన్నిటి గురించీ మీ తమ్ముణ్ణి ఏఆర్‌టీ సెంటర్‌లో (హెచ్ఐవీ మందులిచ్చే చోట) చెప్పమనండి, మానేసిన రోజుల లెక్కతో సహా. మిగిలిన మాత్రలు అక్కడ లెక్కపెడతారని నేను ముందే పారేసి వెళ్ళేవాడిని.